నోట రాని పేరు

పోయినసారి కోళ్ల దగ్గర ఆగాం. సమ్మమ్మ తెల్లవారి తలుపు తీసేసరికి, గంప కింద ఉండాల్సిన కోళ్లన్నీ మెడలు విరిగి వాకిట్లో వరసగా పరిచి ఉన్నాయి. ఎవరు చేశారో చెప్పేవాళ్లు లేరు. ఎందుకు చేశారో ఎవరినీ అడగక్కర్లేదు. కోర్టులో ఆమె సాక్ష్యం ఆ రోజే.

ఇప్పుడే చేరిన వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. హసన్‌పర్తి అవతల పెద్దరేగడి అనే ఊళ్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దీప అనే డిగ్రీ చదివిన అమ్మాయి సర్పంచ్‌గా నిలబడింది. ఎదురు నిలబడిన కిషన్ రావు ఆ ఊళ్లో సగం భూమికీ, మొత్తం భయానికీ యజమాని. గుట్టకింది వాడ అంతా దీప వైపే ఉంది. అయినా పోలింగ్ రోజు ఆ వాడ నుంచి ఒక్క మనిషి కూడా బూత్ దాకా రాలేదు. ముందు రోజు సాయంత్రం ఎవరో వచ్చి, ఓటుకు పోయినవాళ్ల ఇంటికి నిప్పు పడుతుందని చెప్పి పోయారు. దీప పిడికెడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. బెదిరింపులతో గెలిచిన ఆ ఎన్నిక చెల్లదని కోర్టులో పిటిషన్ వేశాం. వేసిన వకీలును నేనే, మెహనాజ్‌ను. ఫీజు లేని కేసులన్నీ నా దగ్గరికే వస్తాయని మా అమ్మ సణుగుతుంది గానీ, అది వేరే కథ.

వచ్చినవాణ్ని వాడంతా చూసింది. సాక్ష్యం చెప్తామన్న వాళ్లు ఒకరి తర్వాత ఒకరు "మాకేం తెల్వదు మేడం" అంటూ జారుకున్నారు. చివరికి మిగిలింది సమ్మమ్మ ఒక్కతే. ఆమె కూడా పేరు చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఆ పేరు నా నోట రాదు బిడ్డా" అనేది. భయమనుకున్నాను. కిషన్ రావు అంటే ఎవరికి భయం లేదు? వచ్చింది ఆయన కుడి భుజం ఎల్లస్వామే అయి ఉంటాడని దీప అంది, దీప చిన్నాయన మౌళన్న గట్టిగా అన్నాడు. "ఎల్లస్వామేనా అవ్వా?" అని అడిగితే సమ్మమ్మ అవునని తలూపలేదు, కాదని అడ్డంగా ఊపలేదు. పక్కనే మౌళన్న కూర్చుని ఆమెకు ధైర్యం చెప్తున్నాడు. నేను దాన్ని అవుననే అనుకుని అఫిడవిట్‌లో ఎల్లస్వామి పేరు రాశాను. మౌళన్నే దాన్ని ఆమెకు చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకొచ్చాడు.

ఇక ఆ రోజు సంగతి.

హనుమకొండలో కోర్టు ఆవరణలోకి మౌళన్న కారు వచ్చి ఆగింది. సమ్మమ్మ దిగింది, వెనకే ఆమె మనుమరాలు సారిక దిగింది. తల్లిదండ్రులు భివండీలో మగ్గాల పనికి పోతే ఆ పిల్ల అవ్వ దగ్గరే ఉంటుంది. కోళ్లు చచ్చిన ఇంట్లో పిల్లను ఒంటరిగా వదలడం ఇష్టం లేక వెంట తెచ్చుకుంది.

సమ్మమ్మ చేతిలో గుడ్డలో కట్టిన టిఫిన్ గిన్నె ఉంది. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజులు నొక్కుకుపోయాయి.

"బిడ్డా, పొయ్యేటప్పుడు నన్ను బస్సు ఎక్కియ్యి."

"బస్సెందుకు అవ్వా? మౌళన్న కారు ఉన్నది గదా."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. మౌళన్న నీళ్ల సీసా మూత తీసి నవ్వుతూ అందించాడు. "తాగు వదినా, పొద్దటి నుంచి ఏం ముట్టలె నువ్వు." ఆమె సీసా తీసుకుంది కానీ తాగలేదు. కోళ్ల దిగులు అనుకున్నాను. ఆ పొద్దున నేను అనుకున్నవన్నీ ఇలాంటివే. తలుచుకుంటే నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మెట్ల దగ్గర కిషన్ రావు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, చుట్టూ నలుగురు మనుషులు, వాళ్లలో ఎల్లస్వామి. మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించాడు.

"ఏం సమ్మక్కా, మంచిగున్నవా? కోళ్లన్ని పోయినయంట గదా. అయ్యో పాపం. మనుమరాలు పెద్దగయ్యింది. జర పైలం సుమా, రోజులు మంచిగ లెవ్వు."

ఒక్క మాట కూడా బెదిరింపు కాదు. కాగితం మీద రాస్తే పరామర్శ. కానీ సారిక వెళ్లి అవ్వ చీర వెనక దాక్కుంది.

"కోళ్ల సంగతి పెద్దరేగడి నుంచి ఇంత జల్దిన మీకెట్ల చేరింది సార్?" అన్నాను.

"ఊరి సర్పంచ్‌ను గదమ్మా. ఎవరింట్ల ఏం సచ్చినా నాకు చెప్తరు," అన్నాడు చల్లగా.

నాకు భయమేసింది. చెప్పడానికి సిగ్గేం లేదు. నల్లకోటు వేసుకుంటే భయం పోతుందని కాలేజీలో అనుకునేదాన్ని. కోటు కింద గుండె అట్లాగే కొట్టుకుంటుంది.

హాలు బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మౌళన్న కూడా మా కేసులో సాక్షే. ఒక సాక్షి చెప్తుంటే మరో సాక్షి లోపల ఉండకూడదు కాబట్టి అతను బయటే ఉండాలి. సారిక ఆకలని గొణిగింది. నేను మౌళన్నతో అన్నాను, నా నోటితో నేనే అన్నాను: "అన్నా, మీరు బయటనే ఉంటరు గదా. పిల్లకు జర ఏమన్న తినవెట్టుండ్రి."

"గదేం పని మేడం. దా బిడ్డా," అని చేయి చాచాడు.

సమ్మమ్మ ఒక్కసారిగా పిల్ల జబ్బ పట్టుకుంది. "వద్దు. నా తాననే ఉండనీ. నేను సద్ది తెచ్చిన."

"లోపలికి పిల్లల్ని రానియ్యరు అవ్వా, మౌళన్న చూసుకుంటడు, ఫికర్ చేయకు," అన్నాను. అప్పుడే బంట్రోతు తలుపు దగ్గరికి వచ్చి "సాక్షి సమ్మమ్మా!" అని అరిచాడు. రెండోసారి అరిచాడు. ఆమె పిల్ల చేయి వదిలింది.

జడ్జి గారు మెత్తటి మనిషి, కళ్లద్దాల మీది నుంచి చూస్తారు. సమ్మమ్మ బోనులోకి ఎక్కి దేవుడి మీద ప్రమాణం చేసింది. పేరు అడిగితే చెప్పింది. భర్త పేరు అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల చూసింది.

"పేరు తియ్యరు సార్ వీళ్లు," అన్నాడు బంట్రోతు. హాల్లో చిన్నగా నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను. మా వీధిలో చిలుకమ్మ పెద్దమ్మ రేషన్ షాపులో భర్త పేరు చెప్పాల్సి వస్తే పక్కనున్న మనిషిని గోకి చెప్పిస్తుంది. జడ్జి గారు కూడా నవ్వి, అఫిడవిట్ చూసి చదివారు. "భర్త కీర్తిశేషులు రాజమౌళి. అంతేనా అమ్మా?" ఆమె తలూపింది. స్టెనో టైపు చేసుకుంది. ఆ పేరు నా చెవిలో పడి, అట్లాగే వెళ్లిపోయింది.

అఫిడవిట్టే ఆమె వాంగ్మూలం కింద లెక్క కాబట్టి, ఇక క్రాస్ ఎగ్జామినేషన్‌కు కిషన్ రావు వకీలు భానుచందర్ సార్ లేచాడు. మా బార్‌లో తియ్యగా మాట్లాడి గొంతు కోసే మనిషెవరంటే అందరూ ఆయన్నే చూపిస్తారు.

"అవ్వా, నీ కండ్లు మంచిగ కనవడ్తయా?"

"సూదిల దారం నేనే ఎక్కిచ్చుకుంట సారూ."

"అబ్బో. అయితే ఆ దినం మాపటీలి మీ వాడకు వచ్చినాయనను మంచిగనే చూసినవన్నట్టు."

"చూసిన. ఇంక పొద్దు వోలె. నా గడపలనే నిలవడి చెప్పిండు, ఓటుకు పోతే ఇల్లు కాలవెడ్తమని."

"ఎల్లస్వామేనా? ఇగో, ఆడ కూసున్నడు. మొఖం చూసి చెప్పు."

సమ్మమ్మ తలతిప్పి ఎల్లస్వామిని నిదానంగా చూసింది. నేను పెన్ను పట్టుకుని ఆ 'అవును' కోసం ఎదురుచూస్తున్నాను.

"గాదు సారూ."

ముందు బెంచీలో దీప చటుక్కున నా వైపు తిరిగింది. భానుచందర్ సార్ కళ్లు మెరిశాయి.

"మరి కాయితంల ఎల్లస్వామని రాసి ఉంటే వేలిముద్ర ఎట్ల ఏసినవ్?"

"ఏసిన సారూ. తప్పే. ఎల్లస్వామని సదివిండు, నేను కాదనలె. ఎట్లంట? సదివెటాయన నా ముంగట్నే కూసున్నడు."

ఆ మాట భానుచందర్ సార్‌కు అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఆయన వదలకుండా ముందుకు జరిగాడు. "అయితే వచ్చిందెవరు? చెప్పు."

కొంగు మళ్లీ నోటికి వచ్చింది. "ఆ పేరు నా నోట రాదు."

"చూడండి సార్," అంటూ ఆయన జడ్జి గారి వైపు తిరిగాడు, "మనిషే లేడు, పేరెక్కడి నుంచి వస్తది? అంతా అల్లిన కథ."

జడ్జి గారు ముందుకు వంగారు. "భయపడకమ్మా. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. చెప్పు."

సమ్మమ్మ నోటి మీది కొంగు తీసేసింది. నేను ఆమెను కలిసినప్పటి నుంచి, పేరు అడిగిన ప్రతిసారీ అడ్డం వచ్చిన ఆ కొంగు మొదటిసారి కిందికి దిగింది.

"భయమున్నది సారూ. లేదంటే అబద్ధమైతది. పొద్దున లేచి చూస్తే నా కోళ్లన్ని సచ్చిపడి ఉన్నయి, ఎట్ల భయం కాదు? కని పేరు తియ్యంది భయానికి గాదు. అది మా ఇంటాయన పేరు. ఆయన పోయి ఎన్నేండ్లయినా ఆ పేరు నేను పలుకరాదు. ఆయన పేరోడే వచ్చిండు సారూ."

ఎవరో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. జడ్జి గారు చూపు దించి కాగితం చూశారు.

"రాజమౌళి," అన్నారు మెల్లగా. "వచ్చినతని పేరు రాజమౌళా?"

"అవు సారూ."

"ఏ రాజమౌళి?"

ఆమె చేయి ఎత్తి కిటికీ వైపు చూపించింది. హాలంతా అటు తిరిగింది. కిటికీ ఊచల అవతల, లోపలి మాటలు వినడానికి చెవి ఆనించి, మౌళన్న నిలబడి ఉన్నాడు.

ఊరంతా మౌళన్న అంటుంది. దీప మౌళి చిన్నాయినా అంటుంది. కానీ సాక్షుల పట్టీలో ఆ మనిషి పూర్తి పేరు నేనే టైపు చేశాను, తండ్రి పేరుతో సహా. రాజమౌళి. దీప ఎలక్షన్ ఏజెంటు. అఫిడవిట్ చదివి వినిపించిన మనిషి. సమ్మమ్మను ఇన్నాళ్లూ కారులో తిప్పిన మనిషి. ఆమె బస్సు ఎక్కించమని ఎందుకు అడిగిందో, నీళ్లెందుకు తాగలేదో, అన్నీ ఒకేసారి వచ్చి నా మీద పడ్డాయి. ఆమె ప్రతిసారీ చెప్తూనే ఉంది. దీప ఇంట్లో చెప్పింది, నా ఆఫీసులో చెప్పింది. ప్రతిసారీ అతను అక్కడే ఉన్నాడు, ప్రతిసారీ నేను భయమనుకుని "ఫికర్ చేయకు" అన్నాను.

"చిన్నాయినా?" అంది దీప. అది పిలుపో ప్రశ్నో తెలియలేదు. "నన్ను నామినేషన్ ఏయమన్నదే ఆయన గదా అక్కా," అని నా చేయి పట్టుకుంది.

భానుచందర్ సార్ ముఖం పండగలా ఉంది. "సార్, దయచేసి ఆ మాట యథాతథంగా రికార్డు చేయించండి. వచ్చింది పిటిషనర్ సొంత చిన్నాయన, ఆమె సొంత ఏజెంటు. వాళ్ల మనుషులు వాళ్ల ఓటర్లనే ఆపుకుంటే మా క్లయింటుకేం సంబంధం? నా ప్రశ్నలు అయిపోయాయి సార్."

ఆయన చెప్పింది నిజమే, అదే నన్ను చంపింది. బెదిరించింది గెలిచినవాడి మనుషులైతే ఎన్నిక కొట్టేస్తారు. మా మనిషే అని తేలితే మా పిటిషన్ చెత్తబుట్టలోకే. గుట్టకింది వాడ ఓట్లు మళ్లీ ఎప్పటికీ లెక్కలోకి రావు.

"ఆగుండ్రి సారూ," అంది సమ్మమ్మ.

కూర్చోబోయిన భానుచందర్ సార్ సగంలోనే ఆగిపోయాడు.

"నేనింక చెప్పుడు కాలె. ఆయనొక్కడే రాలె. మా వాడ మలుపు కాడ కారు ఆపి దిగిండు. కారుల ఇంకొకాయన కూసున్నడు. అద్దం దించి, అందరికి చెప్పినవా లేదా అని అడిగిండు. నేను కండ్లార చూసిన." ఆమె ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. "ఆయన పేరు నేను తియ్యొచ్చు."

వెనక బెంచీ కిర్రుమంది. కిషన్ రావు కాలు మీద వేసుకున్న కాలు దించాడు.

"అబ్జెక్షన్ సార్! నా క్రాస్ అయిపోయింది, అడగని దానికి సాక్షి జవాబు చెప్పకూడదు," అని భానుచందర్ సార్ గొంతు పెంచాడు. ఆ గొంతులో తీపి లేదు.

నేను లేచాను. "సార్, సాక్షిని తిరిగి ప్రశ్నించడానికి అనుమతి ఇవ్వండి. నాకు ఒక్కటే ప్రశ్న ఉంది."

జడ్జి గారు గోడ గడియారం చూశారు. నా ప్రాణం ఉసూరుమంది. "భోజనం తర్వాత. అంతవరకు సాక్షి ఈ హాల్లోనే ఉండాలి. రెండు వైపుల వకీళ్లు గానీ, పార్టీలు గానీ, ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు. నువ్వు చూసుకో," అని బంట్రోతుకు చెప్పి లేచారు. నియమం అది. సాక్ష్యం మధ్యలో ఉండగా వకీలు వెళ్లి చెవిలో మాట వేయకూడదు. ఇంకెప్పుడైనా అయితే నేనే ఈ నియమం మంచిదని వాదిస్తాను.

అప్పుడు కిటికీ వైపు చూశాను. ఊచల అవతల ఎవరూ లేరు.

సారిక.

వరండాలోకి పరుగెత్తాను. బల్ల మీద లేదు. క్యాంటీన్‌లో వెతికాను, జిరాక్స్ షాపు దగ్గర వెతికాను, ఆటోలు ఆగే చోటుకు పోయాను. కారు ఆగిన చోట ఆయిల్ మరక ఉంది, కారు లేదు. "నీలం గౌను పిల్లా? ఇప్పుడే పోయిండ్రు గద మేడం, ఆయన పిల్లను ముందు సీట్ల కూసోవెట్టిండు," అని ఆటో డ్రైవర్ చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. పిల్లను పట్టుకుని ఉన్న అవ్వ చేయి విడిపించింది ఎవరు? నేనే.

ఫోన్ మోగింది. మౌళన్న.

"మేడం, పరేషాన్ గాకుండ్రి. పిల్ల మంచిగనే ఉన్నది. ఐస్‌క్రీం తింటాంది." గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. వెనక నుంచి సారిక ఏదో అడుగుతోంది, అవ్వ ఎప్పుడొస్తదని.

"యాడున్నరు మౌళన్నా? పిల్లను తీసుకరాండ్రి. మీకు దండం పెడ్త."

"తెస్త, ఎందుకు తేను. బువ్వలైనంక సమ్మమ్మ వదిన ఏం చెప్తదో చూసి తెస్త. కారుల ఎవ్వలు లేకుండె, నేనే పొరపడ్డ అని ఆమె అంటే అయిపోతది. ఈ ముచ్చట జర ఆమెకు చెప్పుండ్రి. నేను చెప్తే భయపడ్తది, మీరే చెప్పాలె."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్ వచ్చింది.

దీపను కోర్టు కానిస్టేబుల్ దగ్గరికి పంపాను. ఏడుస్తూనే కారు నంబరు, చిన్నాయన ఫోటో చూపించింది. అతను వైర్‌లెస్‌లో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. జడ్జి గారి గది తలుపు కొట్టాను. భోజనానికి ఇంటికి వెళ్లారని చెప్పారు. ఇక ఏం చేయాలో తెలియలేదు. సమ్మమ్మకు చెప్తే కోర్టు మాట దాటినట్టు, వాడు చెప్పమన్నదే చేసినట్టు. చెప్పకపోతే, ఆమె ఆ పేరు పలికిన క్షణాన మనుమరాలు ఎక్కడుందో తెలియకుండా పలుకుతుంది. ఆ పిల్ల ఆమెది. తేల్చాల్సింది ఆమె, నేను కాదు. కానీ ఆమెకు ఆ సంగతి తెలియదు.

కాళ్లు వాటంతట అవే హాలు దగ్గరికి నడిచాయి.

ఖాళీ హాల్లో సమ్మమ్మ ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది. గుడ్డ ముడి విప్పి గిన్నె మూత తీసింది. పులిహోరను మధ్యలో వేలితో గీత గీసి రెండుగా చేసింది. ఒక వైపు నుంచి ఒక్క ముద్ద తిన్నది. రెండో వైపు ముట్టలేదు. తల ఎత్తి గుమ్మంలో నన్ను చూసింది.

"బిడ్డా, పోరి తిన్నదా?"

బంట్రోతు చేయి అడ్డం పెట్టాడు. "మేడం, మాట్లాడొద్దన్నరు సారు."

నేను మాట్లాడలేదు. అవునని తలూపలేకపోయాను, కాదని అడ్డంగా ఊపలేకపోయాను. ఒకప్పుడు ఆమె నా ముందు అట్లాగే కూర్చుంటే నాకు అర్థం కాలేదు.

ఆమెకు అర్థమైంది. నా ముఖం చూస్తూనే గిన్నె మూత పెట్టేసింది. చేయి కడుక్కోలేదు, కొంగుతో తుడుచుకుంది. లేచి వెళ్లి, ఎవరూ పిలవకుండానే బోనులోకి ఎక్కి నిలబడింది.

"సారును జల్ది పిలువుండ్రి," అంది బంట్రోతుతో. "నేను ఒక్క మాట చెప్పాలె."